చక్రమా, బొంగరమా, బరమానా?

షికాగోలో రిగ్లీ ఫీల్డ్ అని ఒక పాత బేస్‌బాల్ మైదానం ఉంది. 1998 మే 6న, మబ్బు కమ్మిన ఒక మధ్యాహ్నం, కెరీ వుడ్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు అక్కడ షికాగో కబ్స్ తరఫున పిచ్చర్‌గా, మన లెక్కలో బౌలర్‌గా, బంతి అందుకున్నాడు. పెద్ద లీగులో అతనికి అది ఐదో మ్యాచ్. అవతల హ్యూస్టన్ ఆస్ట్రోస్. క్రెయిగ్ బిజియో, జెఫ్ బ్యాగ్‌వెల్, డెరెక్ బెల్ లాంటి కాకలు తీరిన బ్యాటర్లున్న జట్టు. తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్‌లో ఎదుటి జట్టుని 27 సార్లు అవుట్ చేయాలి. ఆ 27లో 20 అవుట్లు వుడ్ స్ట్రైకౌట్లుగానే, అంటే బ్యాటర్‌ని బంతి ఆడనివ్వకుండానే, తీశాడు. ఇచ్చింది ఒక్క హిట్. గురి తప్పి బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇచ్చే వాక్ ఒక్కటీ లేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో 20 స్ట్రైకౌట్ల ఘనత అప్పటిదాకా రోజర్ క్లెమెన్స్ ఒక్కడిదే.

ఆ మ్యాచ్ వీడియో నేను చాలాసార్లు చూశాను. వుడ్ ఫాస్ట్‌బాల్ గంటకి 150 కిలోమీటర్లు దాటి దూసుకుపోతుంది. కానీ చూపు అతుక్కుపోయేది ఫాస్ట్‌బాల్ దగ్గర కాదు, వంపు తిరిగే బంతి దగ్గర. కుడిచేతివాటం బ్యాటర్ పక్కటెముకల మీదికి వస్తున్నట్టే బయలుదేరుతుంది. అతను నడుము వెనక్కి లాక్కుంటాడు. ఈలోగా బంతి అడ్డంగా కోసుకుంటూ, కిందికి జారుతూ, అతని ముందున్న ప్లేటు అవతలి అంచు మీదుగా క్యాచర్ గ్లవ్‌లో పడుతుంది. దీన్ని కొందరు స్లైడర్ అన్నారు, కొందరు కర్వ్ అన్నారు. రెండు పేర్లూ కలిపి స్లర్వ్ అన్నవాళ్లూ ఉన్నారు. ఇన్నేళ్లయినా ఆ వాదన తెగలేదు.

ఈ వాదన మా ఇంట్లోకి కూడా వచ్చింది. మా అక్క వాళ్లు డాలస్ శివార్లలో ఉంటారు. అక్క కొడుక్కి పదిహేనేళ్లు, స్కూలు జట్టులో పిచ్చర్. వాడి వంపు బంతిని జట్టు కోచ్ స్లైడర్ అంటాడు. శనివారాలు విడిగా నేర్పించే ఆయన కర్వ్ అంటాడు. బావ కోచ్ పక్షం. వాడు మాత్రం, "మామయ్యా, అది కర్వే. నేను కర్వ్ అనుకునే వేస్తున్నా" అంటాడు. అక్క ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు ఫిజిక్స్ చదివావు కదా, అది కర్వో స్లైడరో చూసి చెప్పరా" అంది. ఆమె గొంతులో ఆటపట్ల ఆసక్తి కన్నా బెంగ ఎక్కువ వినిపించింది. ఆ బెంగ ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు బంతి సంగతి. బేస్‌బాల్ చుట్టుకొలత 23 సెంటీమీటర్లు, బరువు 145 గ్రాములకి అటూ ఇటూ. మన క్రికెట్ బంతి కన్నా కాస్త పెద్దది, కాస్త తేలిక. తెల్ల తోలు ముక్కలు రెండు, వాటిని కలుపుతూ ఎర్ర దారంతో 108 జంట కుట్లు. క్రికెట్ బంతికి కుట్టు నడుం చుట్టూ మొలతాడులా తిన్నగా ఉంటుంది. దీనికి గుర్రపు నాడాలా వంకర్లు తిరుగుతూ బంతంతా చుట్టేస్తుంది. పిచ్చర్ నిలబడే చోటి నుంచి ప్లేటుకి 18.44 మీటర్లు. గంటకి 150 కిలోమీటర్ల బంతికి ఆ దారి 0.4 సెకను. ఇక్కడ బంతి నేల తాకదు. మన స్పిన్నర్లకి పిచ్ చేసిపెట్టే పనంతా ఇక్కడ గాలే చేయాలి.

గాలిలో బంతి ఎలా తిరుగుతుందో అర్థం కావడానికి మూడు బొమ్మలు మనసులో పెట్టుకుంటే చాలు. మొదటిది బండి చక్రం. రోడ్డు మీద ముందుకు దొర్లే చక్రంలా బంతి తిరిగితే దాని పైభాగం ఎదురుగాలిని ఢీకొంటుంది, కిందిభాగం గాలితోపాటు పోతుంది. బంతి తన వెనక గాలిని పైకి తోస్తుంది, గాలి తిరిగి బంతిని కిందికి తోస్తుంది. అదే కర్వ్. ఫాస్ట్‌బాల్ చక్రాన్ని వెనక్కి తిప్పినట్టు తిరుగుతుంది కాబట్టి పడాల్సినంత పడదు. రెండోది బొంగరం. ఇరుసు నిలువుగా ఉండి బంతి బొంగరంలా తిరిగితే పక్కకి పోతుంది. మూడోది వడ్రంగి బరమా. చెక్కలోకి దిగే బరమాలా, ఇరుసు బంతి పోయే దిక్కుకే చూస్తూ తిరిగితే గాలికి పట్టు దొరకదు. ఎంత వేగంగా తిరిగినా బంతి పక్కకీ పోదు, పైకీ లేవదు. భూమి లాగినంత మేరే పడుతుంది. అచ్చమైన స్లైడర్‌లో ఎక్కువ పాలు ఈ బరమా తిరుగుడే. ఫాస్ట్‌బాల్ అనుకుని బ్యాట్ ఊపినవాడికి, నిలబెట్టే ఊతం లేని ఈ బంతి చివర్లో కిందికి జారిపోయినట్టు ఉంటుంది. స్లైడర్ ఇరుసు తనవైపే చూస్తుంది కాబట్టి, కుట్టు సుడి తిరిగి బంతి మీద ఒక ఎర్ర చుక్క కనిపిస్తుందని బ్యాటర్లు చెప్తారు. 0.4 సెకనులో ఆ చుక్కని పట్టుకోగల కళ్లున్న మనుషులున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తిరిగే బంతిని గాలి పక్కకి నెట్టే ఈ తత్వానికి జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ పేరు పెట్టారు. ఆయన ప్రయోగాలు 1852 నాటివి. అంతకు ముందే న్యూటన్ టెన్నిస్ బంతి వంపు గమనించి రాశాడు. అయినా బేస్‌బాల్ బంతి నిజంగా వంగుతుందా, కంటి భ్రమా అనే అనుమానం ఇరవయ్యో శతాబ్దం సగం దాకా వదల్లేదు. 1941లో లైఫ్ పత్రిక ఫొటోలు తీయించి మరీ ఇది భ్రమేనేమో అని రాసింది. దాన్ని తేల్చినవాళ్లలో లైమన్ బ్రిగ్స్‌ని ముందు చెప్పుకోవాలి. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థకి డైరెక్టర్‌గా చేసిన భౌతిక శాస్త్రవేత్త. రూజ్‌వెల్ట్ వేసిన యురేనియం కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. అంత పెద్ద పనులు చేసి రిటైరైన మనిషి, ఎనభై దాటాక బంతిని గిరగిర తిప్పి, గాలి సొరంగంలో పైనుంచి జారవిడిచి, ఎంత పక్కకి కొట్టుకుపోతోందో కొలుస్తూ కూర్చున్నాడు. 1959లో ఆయన అచ్చువేసిన లెక్క ప్రకారం, పిచ్చర్ చేతి నుంచి ప్లేటు దాకా బంతి 17.5 అంగుళాల వరకు వంగగలదు. అంటే ప్లేటు మొత్తం వెడల్పు కన్నా అర అంగుళం ఎక్కువ.

మరి కన్ను పూర్తిగా నమ్మదగ్గదేనా? అదీ కాదు. బంతి వంపు చేతి నుంచి ప్లేటు దాకా నున్నగా, ఒకే తీరుగా సాగుతుంది. చివర్లో ఠక్కున విరిగినట్టు బ్యాటర్‌కి అనిపించడంలో కంటి పాత్ర ఉంది. ఆర్థర్ షాపిరో బృందం చేసిన బొమ్మ ఒకటి 2009లో ఆ ఏటి మేటి భ్రమగా బహుమతి గెలిచింది. తిరుగుతూ తిన్నగా కిందికి దిగే చక్రాన్ని సూటిగా చూస్తే తిన్నగానే దిగుతుంది. చూపు పక్కకి తిప్పి ఓరగా చూస్తే వంకరగా పోతున్నట్టుంటుంది. బ్యాటర్ కంటికి బంతి నడిచూపు నుంచి ఓరచూపులోకి జారే క్షణంలో ఇదే జరుగుతుండొచ్చని వాళ్ల ఊహ. కాబట్టి "ఠక్కున విరిగింది, స్లైడరే" అనే బ్యాటర్ సాక్ష్యం ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేం.

కంటిని పక్కన పెట్టి యంత్రాన్ని అడుగుదామంటే, వుడ్ కాలానికి ఆ యంత్రాలు లేవు. 2006 చివర్లో పిచ్ ఎఫ్ఎక్స్ అనే కెమెరా వ్యవస్థ పెద్ద లీగు మైదానాల్లోకి రావడం మొదలైంది. 2015లో రాడార్‌తో స్టాట్‌కాస్ట్ వచ్చింది. 2020 నుంచి స్టాట్‌కాస్ట్ పనిచేసేది హాక్ ఐ కెమెరాలతో. మనం ఎల్బీడబ్ల్యూ రివ్యూలో చూసే హాక్ ఐయే. 2001లో క్రికెట్ ప్రసారంతో జనంలోకి వచ్చిన ఆ కన్ను, ఇప్పుడు బేస్‌బాల్ కుట్టు ఎటు చూస్తోందో కూడా లెక్కపెడుతోంది. వేగం, నిమిషానికి ఎన్ని చుట్లు, ఇరుసు దిక్కు, ఎంత పడింది, ఎంత పక్కకి పోయింది, అన్నీ అంకెలే. ఆ అంకెల్ని బట్టి కంప్యూటరే ప్రతి బంతికీ ఒక పేరు తగిలిస్తుంది.

అంకెలొచ్చాక వాదన చల్లారుతుందని నేను అనుకున్నాను. నిజానికి పెరిగింది. ఒక చార్టు మీద అడ్డ వంపు ఒకవైపు, కింది వంపు ఒకవైపు పెట్టి పెద్ద లీగు వంపు బంతులన్నిటినీ చుక్కలుగా పోస్తే, రెండు గుంపులు విడివిడిగా నిలబడవు. రెండు కుప్పలుగా పోసిన వడ్లు మధ్యలో కలిసిపోయినట్టు ఉంటుంది. ఈ గింజ ఏ కుప్పది అంటే ఎవరు చెప్పగలరు? 2023లో స్టాట్‌కాస్ట్ పట్టికలో స్వీపర్ అని కొత్త గడి చేర్చారు. ప్లేటు మీద చీపురుతో ఊడ్చినట్టు పక్కకి పోయే బంతి, వంపు ఒక అడుగు దాటి కూడా ఉంటుంది. అంతకు ముందు వాటిలో చాలా బంతులు అదే పట్టికలో స్లైడర్లు. పిచ్చర్ చేతిలో ఏమీ మారలేదు, పేరు మారింది. ఆ ఏడాది మార్చి 21న మయామీలో, ప్రపంచ బేస్‌బాల్ క్లాసిక్ ఫైనల్ ఆఖరి బంతికి షొహేయ్ ఒటానీ తన లీగు జట్టు సహచరుడు మైక్ ట్రౌట్‌ని స్ట్రైకౌట్ చేసి జపాన్‌ని గెలిపించాడు. అది స్వీపరే. ఆ ఒక్క బంతితో ఆ పేరు లోకమంతా పాకింది.

ఈ స్వీపర్ వెనక ఉన్న శాస్త్రం మనకి కొత్తది కాదు. అది అంతగా పక్కకి పోవడానికి తిరుగుడు ఒక్కటే చాలదని, కుట్టు కూడా పని చేస్తోందని యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్టన్ స్మిత్ బృందం చూపించింది. బంతి మీద పాకుతూ వచ్చిన గాలి పొర ఎక్కడో ఒకచోట బంతిని వదిలేస్తుంది. ఒక పక్క కుట్టు అడ్డొచ్చి ఆ వదిలే చోటు జరిగితే, బంతి వెనక గాలి తోక ఒక వైపుకి మళ్లుతుంది, బంతి రెండో వైపుకి జరుగుతుంది. కొత్త బంతి స్వింగ్ వెనక ఉన్నదీ దీని చుట్టరికమే. మన హైదరాబాద్ సిరాజ్ వాబుల్ సీమ్ వేసేటప్పుడు కుట్టు నిలకడగా ఉండదు, ఊగుతూ పోతుంది. బ్యాటర్‌కి అది ఎటు జరుగుతుందో పోల్చుకోవడం అంత కష్టం.

క్రికెట్ మాట వచ్చింది కాబట్టి, మా మేనల్లుడికి నేను చెప్పిన మాట ఇక్కడే చెప్తాను. మన ఆటలో ఈ పేర్ల తగవు ఎప్పుడో తెగిపోయింది. హైదరాబాద్ వెంకటపతి రాజు ఎడమచేతి స్పిన్నర్. ఆయన బంతి కుడిచేతి బ్యాటర్‌కి దూరంగా తిరిగేది. కుడిచేతి లెగ్ స్పిన్నర్ బంతీ అటే తిరుగుతుంది. అంతమాత్రాన రాజుని లెగ్ స్పిన్నర్ అన్నవాళ్లెవరూ లేరు. గుగ్లీ, ఆఫ్ బ్రేక్ రెండూ లోపలికే తిరుగుతాయి, వాటినీ ఎవరూ కలపరు. ఎందుకంటే మనం పేరు పెట్టింది బంతి పోయే దారికి కాదు, అది బయటికొచ్చే చేతికి. వేళ్లా మణికట్టా, చేతి ముందు వైపా వెనక వైపా అన్నదే లెక్క. బేస్‌బాల్లోనూ పేరు చేతికే ఉండాలని, దారిని అంకెలకి వదిలేయాలని నా అభిప్రాయం. ముఖ్యంగా ఆ చేయి పదిహేనేళ్ల పిల్లాడిదైనప్పుడు.

కిందటి వేసవిలో వెళ్లినప్పుడు పెరట్లో వల కట్టి కూర్చున్నాం. వాడి వెనక, భుజం ఎత్తులో, ఫోన్‌ని స్టాండ్ మీద నిలబెట్టాను. సెకనుకి 240 ఫ్రేములు. వాడి వేగం కొలవడానికి బావ ఒక చిన్న రాడార్ గన్ తెచ్చాడు. ఫాస్ట్‌బాల్ 122 కిలోమీటర్లు, వంపు బంతి 108. ఇక్కడే మొదటి చిక్కు. కర్వ్ సాధారణంగా ఫాస్ట్‌బాల్ వేగంలో 85 శాతానికి లోపే ఉంటుంది. వాడిది 88 దాటింది. కోచ్ స్లైడర్ అనడానికి కారణం అదే.

తర్వాత వీడియోని ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతూ చూశాం. బంతి గిర్రున తిరుగుతున్నా దాని మీద ఒకచోటు మాత్రం కదలదు. ఇరుసు బయటికి పొడుచుకొచ్చే చోటు అది. దాని చుట్టూ కుట్లు గడియారం ముళ్లలా తిరుగుతుంటాయి. వెనక నుంచి చూస్తున్నప్పుడు ఆ చుక్క బంతి నట్టనడుమ ఉంటే అచ్చమైన బరమా. అంచు మీద ఉంటే చక్రమో బొంగరమో. ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటే, బంతి నడుమ నుంచి ఎంత దూరం జరిగిందో కొలిచి బంతి వ్యాసార్ధంతో భాగిస్తే చాలు, తిరుగుడులో ఎన్నో వంతు గాలికి పట్టు దొరుకుతోందో వచ్చేస్తుంది. లక్షల రూపాయల కెమెరాలు చెప్పే అంకెనే, ఉజ్జాయింపుగా, స్కేలుతో కొలవొచ్చు. వీడియోని పెద్దది చేసి కొలిచాను. బంతి వ్యాసార్ధం తెర మీద 12 మిల్లీమీటర్లు. చుక్క మధ్య నుంచి కుడికి, కాస్త కిందికి, 7 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. 7ని 12తో భాగిస్తే 58 శాతం. చాలామంది స్లైడర్లలో ఇది 30, 40 ఉంటుంది. కర్వ్‌లలో 70 దాటుతుంది. వాడిది సరిగ్గా రెండు కుప్పలూ కలిసిపోయిన చోట పడింది.

ఇక చేయి చూశాం. మధ్యవేలు నాడా వంపులో కుట్టు పక్కనే ఆనించి, బొటనవేలు అడుగున పెట్టి పట్టుకుంటాడు. అది కర్వ్ పట్టు. కానీ బంతి వదిలే క్షణంలో వేళ్లు బంతి ముందుకి, పై నుంచి రావడం లేదు. కుడి పక్క నుంచి కోసుకుంటూ దిగుతున్నాయి. అంటే అనుకున్నది చక్రం, బయటికొచ్చింది చక్రం, బరమా కలిసిన తిరుగుడు. దీన్నే ఆ ఊళ్లో స్లర్వ్ అంటారు, ఎక్కువసార్లు తిట్టులా అంటారు. నా దృష్టిలో అది తిట్టు కావాల్సిన పని లేదు. వుడ్ ఆ మధ్యాహ్నం వేసిన బంతి ఆకారమూ దాదాపు ఇదే కదా.

అక్క బెంగ దగ్గరికి వస్తాను. అక్కడ పిల్లల తల్లిదండ్రుల చేతుల్లో ఒక పట్టిక తిరుగుతుంటుంది, ఏ వయసుకి ఏ బంతి అని. కర్వ్‌కి 14 ఏళ్లు, స్లైడర్‌కి 16. వీడికి 15. పేరు కర్వ్ అయితే వేయొచ్చు, స్లైడర్ అయితే ఇంకో ఏడాది ఆగాలి. దీని వెనక ఉత్తి భయం మాత్రమే లేదు. 2002లో వచ్చిన ఒక అధ్యయనం, 9 నుంచి 14 ఏళ్ల మధ్య 476 మంది పిల్ల పిచ్చర్లని ఒక సీజన్ అంతా గమనించి, స్లైడర్ వేసేవాళ్లలో మోచేతి నొప్పి ముప్పు 86 శాతం, కర్వ్ వేసేవాళ్లలో భుజం నొప్పి ముప్పు 52 శాతం ఎక్కువని చెప్పింది. కాకపోతే ఆ పిల్లలు తమ బంతిని ఏ పేరుతో పిలుచుకున్నారో ఆ పేరునే లెక్కలోకి తీసుకున్నారు. మా వాడు వాళ్లలో ఉంటే కర్వ్ అని చెప్పేవాడు, వాడి కోచ్‌ని అడిగి ఉంటే స్లైడర్ గడిలో పడేవాడు. తర్వాత ప్రయోగశాలల్లో పిల్లల కీళ్ల మీద పడే బలాన్ని నేరుగా కొలిచినవాళ్లకి కర్వ్ కన్నా ఫాస్ట్‌బాల్‌లోనే మోచేతి మీద భారం ఎక్కువ కనిపించింది. ఇప్పుడు నిపుణులు అన్నిటికన్నా గట్టిగా చెప్పేది బంతుల సంఖ్య గురించి. 15, 16 ఏళ్ల పిల్లలు ఒక రోజులో 95కి మించి వేయకూడదని అక్కడి మార్గదర్శకాలు చెప్తాయి. ఇరవై ఏళ్ల వుడ్ ఆ ఒక్క రోజు 122 వేశాడు. మరుసటి ఏడాది మోచేతి లిగమెంట్‌కి శస్త్రచికిత్స జరిగి, 1999 సీజన్ మొత్తం మైదానానికి దూరమయ్యాడు. ఆ రోజు బంతులే కారణమని అనను. కానీ ఆ వీడియో చూసినప్పుడల్లా, తొమ్మిదో ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి నాకు ఆ కుర్రాడి మోచెయ్యే కనిపిస్తుంది.

అక్కకి చెప్పాను, పేరు సంగతి పక్కన పెట్టి వాడు ఎన్ని వేస్తున్నాడో రాసిపెట్టు, నొప్పి అన్న రోజు ఆపించు అని. వాడికి చెప్పాను, నువ్వు కర్వ్ అనుకుని కర్వ్ పట్టు పడుతున్నావు కాబట్టి అది కర్వే, ఇంకా కుదరని కర్వ్. వేళ్లు పై నుంచి తెస్తే ఆ చుక్క అంచుకి జరుగుతుంది, జరిగేదాకా వీడియో తీసుకుంటూ ఉండు అని. బావ ఒప్పుకోలేదు. 108 కిలోమీటర్ల కర్వ్ ఎక్కడుందని రాడార్ గన్ చూపించాడు.

సాయంత్రం వాళ్ల జట్టు క్యాచర్ వచ్చాడు, పక్క వీధి కుర్రాడు. గ్లవ్ తొడుక్కుని వల ముందు గొంతుక్కూర్చున్నాడు. నువ్వు దీన్ని ఏమంటావని అడిగాను. అర్థం కానట్టు నా వైపు చూశాడు. తర్వాత మోకాళ్ల మధ్య చేయి దించి, క్యాచర్లు సైగ చేసినట్టు, రెండు వేళ్లు చాపాడు. ఒక వేలు ఫాస్ట్‌బాల్, రెండు వేళ్లు ఆ ఇంకోటి. అక్కడ మేనల్లుడు తల ఊపి, బంతిని వేళ్ల మధ్య సర్దుకోవడం మొదలుపెట్టాడు. నేను ఫోన్‌లో రికార్డు నొక్కాను.